పదకొండు సెకన్ల గొంతు

వైరాపంపా,
2021 మార్చి 22

నోయెమీ తల్లికి,

బస్సు డ్రైవర్ ఫెలిసియానో చేతికి ఈ ఉత్తరంతో పాటు రెండు జున్నుముద్దలు ఇచ్చాను. ఒకటైనా నీదాకా చేరితే వాడు మారినట్టే లెక్క.

ఫోన్ చేయొచ్చు కదత్తా అంటావు. మా ఇల్లున్న పల్లంలో సిగ్నల్ అందదు, బడి మేడ ఎక్కాలి. ఆ మేడ మెట్ల మీద ఎప్పుడూ పదిమంది ఫోన్లు పట్టుకుని కూర్చుని ఉంటారు. వాళ్ళందరికీ వినిపించేలా నా అవస్థ చెప్పుకోలేను.

అవస్థే మరి. ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. గొర్రెల వెంట పోయే పిల్లల్ని వెతికి పట్టుకుని బడికి తెచ్చినదాన్ని. జబ్బు వచ్చి బడి మూతపడ్డాక ఏడాదంతా రేడియో పాఠాలే నడిచాయి. పోయిన వారం ఆరో తరగతి పిల్లలు పంతొమ్మిది మందికి తెరమీద మొదటి పాఠం చెప్పాను. పంతొమ్మిది నల్లటి గడులు, గడికో పేరు. గంటసేపు మాట్లాడాను. చివర్లో “అర్థమైందా?” అన్నాను. ఒక్క గడీ పలకలేదు. “ఉన్నారా?” అన్నాను. దానికీ లేదు. స్మశానంలో రాళ్ళమీద పేర్లు చదువుకుంటూ నడిచినట్టు అనిపించింది. ఇంటికెళ్ళి పొయ్యి కూడా వెలిగించలేదు.

నువ్వు ఇప్పుడు టీచర్లకే ఈ విద్య నేర్పే ఆఫీసులో ఉన్నావట, మీ నాన్న చెప్పాడు. మీ అత్తకు నేర్పు. నవ్వకుండా నేర్పు.

నీ సతుర్నినా అత్త

*

అరెకిపా,
ఏప్రిల్ 2

సతుర్నినా అత్తయ్యకు,

జున్ను ఒకటే వచ్చింది. రెండోది దారిలో చెడిపోయిందని ఫెలిసియానో ప్రమాణం చేసి చెప్పాడు. మీసానికి అంటుకున్నది ఏమిటో అడగలేదు.

నవ్వలేదత్తా. ఇక్కడ పట్నంలో టీచర్లు కూడా ఇదే చెప్పి ఏడుస్తున్నారు. నేను వాళ్ళకు చెప్పేవే నీకూ చెబుతాను.

గంటసేపు ఏకధాటిగా మాట్లాడకు. ఎనిమిది నిమిషాలు చెప్పి ఆపు. ఆగినప్పుడు “అర్థమైందా” అని అడగకు, దానికి ఏ పిల్లా జవాబు చెప్పదు. ఒక్క మాటలో చెప్పగలిగేది అడుగు, రాసి పంపమను. అడిగాక మనసులో పది లెక్కపెట్టు. నీకు ఆ పది అంకెలూ పదేళ్ళలా ఉంటాయి. పిల్లకు మాత్రం మాట కూడదీసుకునేంత సమయమే. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలువు. కెమెరా తెరవమని బలవంతపెట్టకు, వెనకాల ఇల్లెలా ఉందోనని సిగ్గుపడతారు. నలుగురేసి పిల్లల్ని తెరమీదే ఉండే వేరే గదుల్లోకి పంపి, వాళ్ళలో వాళ్ళను మాట్లాడుకోనివ్వు. నువ్వు ఒక్కో గదిలోకి తొంగిచూసి, మాట్లాడకుండా వచ్చేయి.

అన్నిటికంటే ముందు, పిల్లలు లోపలికి రాగానే అందరి మైకులూ కట్టేయి. అడిగినప్పుడే తెరవాలి. ఇది మాత్రం మరవకు.

నీ నోయెమీ

*

వైరాపంపా,
ఏప్రిల్ 20

నోయెమీ తల్లికి,

పనిచేసింది. మొదట పది లెక్కపెడితే ఏమీ రాలేదు. మళ్ళీ పది లెక్కపెట్టాను. అప్పుడు విల్బర్ట్ అనే కుర్రాడు రాశాడు: “టీచర్, మీరు నిద్రపోయారా?” వెంటనే ఇంకొకరు, “లేదు, కళ్ళు తెరిచే ఉన్నాయి” అని. అలా మొదలైంది. నది ఎక్కడ పుడుతుందని అడిగితే పదిహేడు జవాబులు వచ్చాయి. రెండు సరైనవి. మిగతావి వాటికంటే బాగున్నాయి.

ఒక్క విషయంలో నీ మాట వినలేదు. మైకులు కట్టేయలేదు. మొదటి పది నిమిషాలూ అన్నీ తెరిచే ఉంచుతున్నాను. గోల గోలే, కాదనను. కానీ ఆ గోలలోనే పిల్లలు ఎలా ఉన్నారో నాకు తెలుస్తోంది. ఒక ఇంట్లో రోలు చప్పుడు. ఒకచోట వంటింట్లో పెంచే గినీ పందుల కిచకిచలు. మరోచోట గాలి తప్ప ఏమీ లేదు. ఆ పిల్ల కొండమీద గొర్రెల దగ్గర కూర్చుని ఫోన్‌లో వింటోందన్నమాట. సెనోవియా అనే పిల్ల ఇంట్లో మూడు రోజులుగా ఒకే దగ్గు. నాలుగో రోజు నేనే వాళ్ళ గుమ్మందాకా వెళ్ళాను. వాళ్ళమ్మ మంచంలో ఉంది. ఆరోగ్య కేంద్రం నుంచి మనిషిని పిలిపించాను. ఇప్పుడు నయం.

మైకు కట్టేసి ఉంటే ఆ దగ్గు నాకు వినిపించేదా చెప్పు.

నీ అత్త

*

అరెకిపా,
ఏప్రిల్ 29

అత్తయ్యకు,

మీరు చేస్తున్నది పద్ధతి కాదు. ఇంటి శబ్దాలు పాఠంలోకి రాకూడదు. మిగతా పిల్లల ఏకాగ్రత దెబ్బతింటుంది. మైకులు కట్టేయమని మార్గదర్శకాల్లో మొదటి అంశంగా రాసింది నేనే, కారణాలు ఆలోచించే రాశాను. దయచేసి పాటించండి.

పని ఎక్కువగా ఉంది. ఉంటాను.

నోయెమీ

*

వైరాపంపా,
మే 12

తల్లీ,

నీకు నడక నేర్పినదాన్ని నేను. నన్ను ‘మీరు’ అని ఇంతవరకు ఎప్పుడూ అనలేదు. నీ ఉత్తరంలో కలం కాగితాన్ని రెండుచోట్ల చింపింది. ఒకటి ‘కట్టేయమని’ అన్నచోట, రెండోది నీ పేరు దగ్గర.

మీ నాన్నను అడిగాను. “దానికి పదోన్నతి వచ్చింది, అందుకే తరగతి వదిలింది” అన్నాడు. నీకు పదోన్నతి అంటే ఇష్టం లేదని మీ నాన్నకు తెలియకపోయినా నాకు తెలుసు. చిన్నప్పుడు కోళ్ళను వరసగా కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేదానివి. నువ్వు ఏడాది మధ్యలో, సెప్టెంబరులో, తరగతిని వదిలి వెళ్ళావంటే ఏదో జరిగింది.

చెప్పకపోయినా సరే. కానీ నన్ను మైకులు కట్టేయమనాలంటే మాత్రం ఎందుకో చెప్పాలి.

నీ అత్త

*

అరెకిపా,
జూన్ 6

అత్తా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. ఇది ఐదోది.

పోయిన ఏడాది నా నాలుగో తరగతిలో యానెలి అనే పిల్ల ఉండేది. పదేళ్ళది. ఊరి ఉత్తరం కొసన, కొండవాలు మీద రేకుల ఇల్లు. తండ్రి హిలారియో తాపీ పనికి, తల్లి సంతకు వెళ్ళేవాళ్ళు. పగలు ఇంట్లో పిల్లా, వాళ్ళ నానమ్మా, ఇద్దరే. ఆవిడ పేరు గ్రెగోరియా. మీ కొండల నుంచే వచ్చిన మనిషి. యానెలి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కెమెరా తెరిచి, నిటారుగా కూర్చునేది. పాఠం మధ్యలో లేవాలంటే నన్ను అడిగే లేవాలని నేనే నియమం పెట్టాను. దాన్ని తప్పనిది ఆ పిల్ల ఒక్కతే.

ఆగస్టు పంతొమ్మిది. భిన్నాలు చెబుతున్నాను. యానెలి గడిలోంచి ఒక ముసలి గొంతు వచ్చింది. గట్టిగా, ఎవరినో పిలుస్తున్నట్టు. కెచువాలో. నాన్న నాకు మన కొండల భాష నేర్పలేదని నీకు తెలుసు. పట్నంలో ఎగతాళి చేస్తారని ఆయన భయం. నాకు ఒక్క మాటే తెలిసింది, ‘మమాయ్’. అమ్మా అని. ఆడపిల్లనీ అలాగే పిలుస్తారు కదా, మనవరాలిని పనికి పిలుస్తోంది కాబోలు అనుకున్నాను. మిగతా పిల్లలు నవ్వుతున్నారు. యానెలికి ఏమీ తెలియదు. దాని చెవుల్లో ఉన్నది నా గొంతు. నేను యానెలి మైకు కట్టేసి పాఠం కొనసాగించాను.

ఆవిడ గొంతు విన్న పెద్దదాన్ని నేనొక్కదాన్నే, అత్తా. నేనే దాన్ని ఆపేశాను.

నాలుగు నిమిషాల తర్వాత యానెలి ఇయర్‌ఫోన్లు తీసి వెనక్కి చూసింది. మళ్ళీ నావైపు తిరిగింది. పెదవులు కదిలాయి. తెర వైపు చూస్తూ కూర్చుంది. మళ్ళీ కదిలాయి. అప్పుడు లేచి పరిగెత్తింది. ఇదంతా అప్పుడు నేను చూడలేదు, పాఠం రికార్డయింది కాబట్టి తర్వాత చూశాను. అప్పుడు నాకు కనిపించింది ఖాళీ కుర్చీ ఒక్కటే. “యానెలి, చెప్పకుండా లేవకూడదని ఎన్నిసార్లు చెప్పాను?” అన్నాను. అదీ రికార్డులో ఉంది.

గ్రెగోరియా గారు ఆ మధ్యాహ్నమే పోయారు. ఆ జబ్బే. ఖననానికి ఎవరినీ రానివ్వలేదు. కొడుకులూ కూతుళ్ళూ ఒక్కో ఊళ్ళో చిక్కుకుపోయారు.

ఆ గొంతు పదకొండు సెకన్లు ఉంటుంది. రోజూ మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక ఆఫీసులో తలుపు వేసుకుని వింటాను. ఒక్క మాట తప్ప అర్థం కాదు. కానీ ఇప్పుడు వినకపోయినా వినిపిస్తోంది. కుళాయి తిప్పితే, కెటిల్ మరిగితే, బస్సు బ్రేకు వేస్తే. నేను టీచర్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు వాళ్ళ ఇళ్ళలోంచి చిన్న చప్పుడు వచ్చినా నా వేలు దానంతట అదే మీట మీదికి పోతుంది. ఆ మొదటి నియమం నేను వాళ్ళ కోసం రాయలేదు.

నోయెమీ

*

వైరాపంపా,
జూన్ 15

నా తల్లీ,

నీ తప్పేం లేదు అని రాయడానికి కూర్చున్నాను. రాయలేకపోయాను. నాకు తెలియని విషయం నేను రాయను. నువ్వు మైకు తెరిచి ఉంచితే ఆవిడ బతికేదో లేదో నాకు తెలియదు, నీకూ తెలియదు. ఈ ఊళ్ళో ఆ జబ్బుతో పోయినవాళ్ళకు పక్కనే మనుషులున్నారు. అయినా పోయారు. ఇంతకంటే నేను చెప్పలేను.

నన్ను తొలిచేస్తున్నది ఇంకొకటి. ఆ పిల్ల రెండుసార్లు పెదవులు కదిపిందన్నావు. నిన్ను ఏదో అడిగింది. నువ్వు జవాబు చెప్పలేదు. తన మాట నీకు వినపడలేదని ఆ పిల్లకు తెలుసా? తెలియకపోతే ఈ పది నెలలూ అది ఏమనుకుంటూ బతుకుతోంది?

ఆ గొంతు నాకు పంపితే అర్థం చెబుతాను అనబోయి ఆగిపోయాను. అది ముందు వినాల్సింది ఆ ఇంటివాళ్ళు. వాళ్ళ మనిషి మాటను నీ దగ్గర తలుపు వేసి దాచుకున్నావు. తీసుకెళ్ళి ఇచ్చిరా.

పూలు పట్టుకెళ్ళకు. ఫెలిసియానోతో ఎండు బంగాళాదుంపలు పంపుతున్నాను, కొండవాళ్ళ ఇంటికి అవే మర్యాద. ఈసారి మూట కుట్టి పంపుతున్నాను.

నీ అత్త

*

అరెకిపా,
జూలై 4

అత్తా,

వెళ్ళాను. రెండుసార్లు మధ్యదారిలో దిగి వెనక్కొచ్చి, మూడోసారి ఆదివారం పొద్దున వెళ్ళాను.

హిలారియో గారు ఇంటిముందు ఇసుక జల్లిస్తున్నారు. నన్ను గుర్తుపట్టి లోపలికి రమ్మన్నారు. దుంపల మూట చూసి వాసన పీల్చి, “ఇవి మా వైపువే” అన్నారు. యానెలి పొడుగైంది. నన్ను చూసి నిలబడింది, నమస్కారం కూడా చెప్పలేదు. తల్లి గద్దించబోతే వద్దన్నాను.

కూర్చోకుండానే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని భయం. “ఆ రోజు మీ అమ్మగారి గొంతు నాకు వినిపించింది. పాఠానికి అడ్డమని మైకు కట్టేశాను.” హిలారియో గారు జల్లెడ పట్టుకునే నిలబడి ఉన్నారు. చివరికి యానెలి మాట్లాడింది.

“నేను అడిగాను టీచర్. నానమ్మ పడిపోయింది, వెళ్ళనా అని.”

“నాకు వినపడలేదమ్మా. అంతకుముందే నీ మైకు కట్టేశాను.”

“మళ్ళీ అడిగాను.”

“అదీ వినపడలేదు.”

“మీరు నావైపే చూస్తున్నారుగా.”

“అది తెరలో అలా కనిపిస్తుంది. నేను తెరమీది పుస్తకం చూస్తున్నాను.”

చాలాసేపు నా మొహం చూసింది.

“అంటే మీరు వద్దనలేదా?”

“అనలేదు.”

“విని కూడా పాఠం చెప్తున్నారనుకున్నా.”

అత్తా, పది నెలలు. నేను విని కూడా ఊరుకున్నానని అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. తను అనుమతి కోసం ఆగిందని ఇంట్లో తెలిస్తే తిడతారని భయం. రికార్డులో లెక్కపెట్టాను, ఆగింది నలభై సెకన్లు. వాళ్ళ నాన్న అప్పుడు మొదటిసారి విన్నాడు. జల్లెడ కింద పెట్టి వచ్చి కూతురి తలను పొట్టకు ఆనించుకున్నాడు. చేతినిండా ఇసుక. పిల్ల జుట్టంతా ఇసుక.

ఆ తర్వాత, గొంతు నా దగ్గర ఉందని చెప్పాను.

వాళ్ళ దగ్గర ఆవిడ ఫోటోలు రెండున్నాయి. గొంతు ఎక్కడా లేదు. ఫోన్ బల్లమీద పెట్టి వినిపించాను. హిలారియో గారు తల వంచుకుని విన్నారు. అయిపోయాక “ఇంకోసారి” అన్నారు. మూడోసారి తర్వాత యానెలి చెప్పింది, నాకోసం స్పానిష్‌లో:

“నన్ను కాదు టీచర్ పిలిచింది. వాళ్ళమ్మను. ‘అమ్మా, వస్తున్నా. గొర్రెల్ని ఇంకా తోలలేదు. వాన వచ్చేస్తోంది. నేను రాకుండా తలుపు వేసేయకు’ అంటోంది.”

హిలారియో గారు అన్నారు, “మా అమ్మమ్మ పోయి నలభై ఏళ్ళు.”

వాళ్ళిద్దరి మొహాల్లో ఏదో సడలింది. నాలో సడలలేదు. తలుపు వేయకని ఆవిడ అడగడం, నా వేలు మీట మీదికి పోవడం, రికార్డులో ఈ రెండింటి మధ్యా ఒక్క క్షణం కూడా లేదు.

బయల్దేరుతుంటే హిలారియో గారు గుమ్మందాకా వచ్చారు. “మేం ఏడుగురం. ఒక్కొక్కరం ఒక్కోచోట. అమ్మకు ఎవరమూ కలిసి ఏడవలేదు. మీకు ఈ తెరల పని తెలుసుగా. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఇది వినిపించగలరా?”

ఏమనాలి?

నోయెమీ

*

వైరాపంపా,
జూలై 11

నోయెమీ,

ఏమనాలని నన్నెందుకు అడుగుతావు? ఆయనతో ఏమని వచ్చావో అదే చెయ్యి. నిన్ను నేనెరుగుదును, సరేననే వచ్చి ఉంటావు.

ఒక్కటి. నువ్వు చేసింది ఆ ఏడుగురికీ నీ నోటితోనే చెప్పు. నీ బదులు హిలారియో చెబితే కుదరదు. తిడితే తిట్టనివ్వు.

అత్త

*

అరెకిపా,
ఆగస్టు 2

అత్తా,

ముందు చిన్న కబురు. సెలవుల తర్వాత బడికి తిరిగి వెళుతున్నాను. ఐదో తరగతి, అవే పిల్లలు. ఆఫీసులో రాజీనామా ఇచ్చాను. నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక నిన్నటి సంగతి. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి పెట్టుకున్నాం. యానెలి పొద్దుటి నుంచీ ఒక్కో పెదనాన్నకూ అత్తకూ ఫోన్ చేసి ఎక్కడ నొక్కాలో నేర్పింది. నాకంటే ఓపికగా నేర్పింది. ఇలో అనే రేవులో చేపల పడవ మీద ఒకాయన. గనిలో ఒకాయన, ఇనుప టోపీ తియ్యకుండానే. సాంతియాగోలో ఇళ్ళు తుడిచే అక్క. తాక్నాలో బట్టలు అమ్మే బెనీత. లీమాలో ఒకరు. అందరిలోకి పెద్దవాడు తియోఫిలో గారు మీ కొండల్లోనే ఉంటారు, ఆయనకు తన మైకు తెరవడం రాలేదు. కింద ఎడమపక్క, ఎర్రగీత ఉన్న బొమ్మ అని ఆరుసార్లు చెప్పాను. ఏడోసారికి ఆయన గొంతు వచ్చింది. ఆ గొంతు వినగానే అందరూ ఏడవడం మొదలుపెట్టారు. ఇంకా నేనేమీ వినిపించలేదు.

ఎవరి మైకూ నేను కట్టలేదు. సముద్రం, లారీ, కుక్కలు, ఎవరింట్లోనో పసిబిడ్డ, అన్నీ ఒకేసారి. నా వేలు రెండుసార్లు లేచింది. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

నా పేరు చెప్పి, నేను చేసింది చెప్పాను. భిన్నాలు, నవ్వులు, మీట, అన్నీ. బెనీత మధ్యలో అడిగింది: “మా అమ్మ గొంతు విన్నావు నువ్వు?”

“విన్నాను.”

“విని నోరు నొక్కేశావు.”

“అవునండి.”

“అన్నా, దీన్నా మన మధ్య కూర్చోబెట్టావు?” అంది హిలారియో గారితో. ఆయన, “నిజం చెప్పడానికి వచ్చింది బెనీతా” అన్నారు. “నిజం నాకెందుకు, మా అమ్మను తెమ్మను” అంది. గడి మాయమైంది. తిట్టనివ్వమన్నావు. తిట్లు భరించడానికి సిద్ధపడ్డాను కానీ, ఆ ఖాళీకి సిద్ధపడలేదు.

నేనూ వెళ్ళిపోతానన్నాను. తియోఫిలో గారు వద్దన్నారు. “నువ్వు పోతే ఇదంతా ఆరిపోతుంది కదమ్మా” అన్నారు. నిజమే, నేను తలుపు మూస్తే అందరూ పోతారు. వినిపించాను.

అయిపోయాక మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టి, నలభై దగ్గర మానేశాను. అప్పుడు గనిలో ఉన్నాయన టోపీ తీసి కెచువాలో ఏదో అన్నాడు. సాంతియాగో అక్క నవ్వింది, ఏడుస్తూనే. ఇక అందరూ మొదలుపెట్టారు. గొర్రెల గురించో, వాన గురించో, వాళ్ళమ్మ చేసిన వంట గురించో, నాకు తెలియదు. నన్ను మరిచిపోయారు. యానెలి అప్పుడప్పుడూ ఒక వాక్యం నాకు రాసి పంపుతోంది: “నాన్న చిన్నప్పుడు వాగులో పడితే నానమ్మ జడ విసిరి లాగిందట.” “పెదనాన్న అబద్ధం చెప్తున్నాడట.”

ఇరవై నిమిషాలు గడిచాయి. నా తెరమీద ఒక మూల చిన్న గంట మోగింది. బయట ఒకరు వేచి ఉన్నారని, లోపలికి రానివ్వాలా అని అడుగుతోంది. పేరు బెనీత.

రానిచ్చాను. కెమెరా తెరవలేదు. నల్ల గడిలోంచి ఊపిరి మాత్రం వినిపిస్తోంది. మాట్లాడుతున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. నేను పలకరించలేదు. పలకరించే హక్కు నాకు లేదు.

“అప్పుడు నేను వినలేదు” అంది చివరికి. “నాకు పెట్టు.”

పెట్టాను.

నీ నోయెమీ